సామరస్యం కోసం ఒకమ్మాయి మాటను మెత్తబరిచాను. కన్ఫ్యూషియస్ చెప్పింది ఇదేనా?

పోరూరు దుబాసీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది సూళ్లూరుపేట దగ్గర ఒక పల్లె. ఆరేళ్ల నుంచి మద్రాసులోనే, పోరూరులో ఉంటున్నాను. కొరియన్ భాష నేర్చుకుని, శ్రీపెరుంబుదూరు వైపు కారు విడిభాగాలు చేసే ఒక కొరియన్ కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేస్తున్నాను. మా తాతయ్య మాత్రం "మా మనవరాలు దుబాసీ" అని ఊళ్లో చెప్పుకుంటాడు. పాత మద్రాసులో దొరలకూ జనానికీ మధ్య నిలబడి మాట చేరవేసినవాళ్లను అలా పిలిచేవారు. నాకూ ఆ మాటే ఇష్టం, ఇక్కడ కూడా అదే పేరు పెట్టుకున్నాను.

పదకొండు రోజుల కిందట జరిగిన సంగతి ఇది. అప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు.

మా దగ్గర వైరింగ్ హార్నెస్‌లు తయారవుతాయి, అంటే కారు లోపల అటూ ఇటూ పాకే వైర్ల కట్టలు. పెద్ద బోర్డు మీద గుర్తుల ప్రకారం ఒక్కో వైరూ పరిచి, కట్టకట్టి టేపు చుట్టాలి. షిఫ్ట్ అంతా నిలబడే పని. లైన్‌లో దాదాపు అందరూ కాంట్రాక్ట్ మీద వచ్చిన ఆడపిల్లలే. ఒక్కో లైన్‌కు ముప్ఫై మంది. బాత్రూంకు వెళ్లాలంటే లైన్ లీడర్ టేబుల్ పక్కన మేకుకు వేలాడే ఎర్ర ప్లాస్టిక్ టోకెన్ మెడలో వేసుకుని వెళ్లాలి. అవి రెండే ఉంటాయి. రెండూ బయట ఉంటే మూడో అమ్మాయి ఎంత అవసరమైనా ఆగాల్సిందే.

నెలకోసారి మేనేజర్‌తో మీటింగ్ ఉంటుంది. ఆ హాల్లో గోడ మీద ఫ్రేము కట్టిన చైనా అక్షరం ఒకటి ఉంది. కొరియన్‌లో దాన్ని 'హ్వా' అని చదువుతారు. సామరస్యం అని అర్థం. మా మేనేజర్ కొత్తవాళ్లందరికీ దాన్ని చూపించి చెబుతారు: "ఎడమవైపు ధాన్యం, కుడివైపు నోరు. అందరి నోటికీ అన్నం అందితే అదే సామరస్యం." ఆయన చెడ్డవారు కాదు. క్యాంటీన్‌లో మాతోపాటే కూర్చుని సాంబారన్నం చేత్తో కలుపుకుని తింటారు. ఒకమ్మాయి తండ్రి పోతే టికెట్ డబ్బులు తన జేబులోంచే ఇచ్చారు. ఇది చెప్పకపోతే నా ప్రశ్న మీకు సగమే అర్థమవుతుంది.

ఆ రోజు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల లేచి నిలబడింది. మహా అయితే ఇరవై ఏళ్లుంటాయి. "సార్, ఆ బిళ్ల మెడలో ఏసుకుని అందరి ముందు నుంచి నడుస్తుంటే సంతలో పశువుకి బిళ్ల కట్టినట్టుంది. మేమూ మనుషులమే సార్" అంది. గొంతు వణికింది కానీ మాట తడబడలేదు.

నేను కొరియన్‌లో చెప్పింది ఇది: "విరామ సమయాన్ని వీలునుబట్టి కొంచెం సర్దగలరేమోనని వినయంగా అడుగుతోంది." మేనేజర్ నవ్వి, తల ఊపి, ఆలోచిద్దాం అన్నారు. మీటింగ్ అయిపోయింది. టీ దగ్గర ఆ పిల్ల నా పక్కకు వచ్చి, "అక్కా, నానన్న మాటే సెప్పినావా?" అని అడిగింది. చెప్పానన్నాను. అంటే ఇంకో అబద్ధం.

ఎందుకు చేశానా అని ఆలోచిస్తే రెండు కారణాలు తోస్తున్నాయి. చేరిన కొత్తలో హెచ్‌ఆర్ వాళ్లు, "మాటకు మాట వద్దు, భావం చెప్పు, ఇక్కడ అందరం ఒకే కుటుంబం" అన్నారు. రెండోది మా ఇల్లు. పొలం పంపకాలప్పుడు నాన్నకూ బాబాయికీ మాటల్లేవు. ఇద్దరి మధ్యా మాట మోసింది అమ్మే. నాన్న "వాడి మొహం చూడను" అంటే, బాబాయితో "అన్నయ్యకు ఒంట్లో బాగా లేదంట" అనేది. అలా నాలుగేళ్లు నడిపి ఇల్లు నిలబెట్టింది. మాటను మెత్తబరచడం మంచి పని అని నేను నేర్చుకున్నది అమ్మ దగ్గరే.

ఇప్పుడు నాకు తెలియాల్సింది ఇది. పాత చైనా గురువు కన్ఫ్యూషియస్ చెప్పిన సామరస్యం అంటే నిజంగా ఇదేనా? అందరూ తమ తమ చోట కూర్చుని, పైవాళ్ల మొహం మీద నవ్వు చెదరకుండా చూసుకోవడమా? అలాగైతే "మేమూ మనుషులమే" అన్న మాటకు అందులో చోటెక్కడ? చదివినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పండి. ఆఫీసులో అడగలేను.


విల్లివాక్కం చరిత్ర పంతులు

అమ్మా, ముప్ఫై ఏళ్లు కాలేజీలో ఆసియా చరిత్ర చెప్పాను. మీ ప్రశ్న చదివి పాత నోట్సు బయటికి తీశాను.

ముందు ఆ గోడమీది అక్షరం సంగతి. మీ మేనేజర్ చెప్పిన అర్థం చాలామంది చెప్పేదే. అయితే క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే చైనా పండితుడు కూర్చిన నిఘంటువులో దానికి ఇచ్చిన అర్థం 'ఒకదానికొకటి బదులు పలకడం'. ధాన్యం గుర్తు ఉచ్చారణ కోసం పెట్టింది. అర్థమంతా నోటిలోనే ఉంది. భజనలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడం లాంటిదన్నమాట. ఆ అక్షరంలోంచి నోరు తీసేస్తే మిగిలేది ఉత్త ధాన్యమే.

ఇంకో కథ చెబుతాను. క్రీ.పూ. 522లో, కన్ఫ్యూషియస్ బతికున్న కాలంలోనే, చీ రాజ్యపు రాజు వేటనుంచి తిరిగొచ్చాడు. ఆయనకు ఇష్టమైన ఒక కొలువుకాడు రథం తోలుకుంటూ పరుగున ఎదురొచ్చాడు. రాజు మురిసిపోయి, "నాతో సామరస్యంగా ఉండేవాడు వీడొక్కడే" అన్నాడు. పక్కనున్న మంత్రి యెన్ యింగ్ కాదన్నాడు. "అతను మీతో ఒకేలా ఉంటున్నాడు, అంతే. సామరస్యం వేరు" అని వంట ఉదాహరణ చెప్పాడు. చేపా మాంసమూ ఉడికించి పులుసు కాయాలంటే నీళ్లు, నిప్పు, పులుపు, ఉప్పు అన్నీ కావాలి. తక్కువైంది వేయాలి, ఎక్కువైంది తగ్గించాలి. రాజు ఔనన్న దాంట్లో కాదనాల్సింది ఉంటే మంత్రి ఆ 'కాదు'ను పట్టుకొచ్చి ముందు పెట్టాలి, అప్పుడే ఆ 'ఔను' సరిగా కుదురుతుంది. నీళ్లకు నీళ్లే కలిపి కాస్తే ఆ పులుసు ఎవరు తింటారు? ఇదీ ఆయన మాట. చింతపండూ మిరియాలూ లేని చారును ఊహించుకోండి.

కన్ఫ్యూషియస్ కూడా అదే తేడా చెప్పాడు. ఆయన మాటల్ని శిష్యులు కూర్చిన పుస్తకంలో 13వ భాగంలో ఉంది: ఉత్తముడు సామరస్యంగా ఉంటాడు కానీ ఒకేలా ఉండడు, అల్పుడు ఒకేలా ఉంటాడు కానీ సామరస్యంగా ఉండడు. రాజును ఎలా సేవించాలని ఒక శిష్యుడు అడిగితే, "మోసం చేయకు, కానీ ఎదురు చెప్పు" అన్నాడు. తండ్రి మాట వింటే చాలా, అదే పితృభక్తి అవుతుందా అని ఇంకో శిష్యుడు అడిగినట్టు పితృభక్తి గ్రంథంలో ఉంది. "ఇదేం మాట!" అని గద్దించాడట గురువు. తండ్రి తప్పు దారిలో ఉంటే ఎదురు చెప్పడమే కొడుకు పని అన్నాడు.

ఆయన బాటలోనే తరవాత వచ్చిన మెన్సియస్ అనే గురువు ఇంకా ముందుకెళ్లాడు. ఆడా మగా చేతులు తాకకూడదన్నది ఆనాటి ఆచారం కదా, మరి వదిన నీళ్లలో మునిగిపోతుంటే చెయ్యి అందించవచ్చా అని ఆయన్ను ఒకరు అడిగారు. అందించనివాడు తోడేలు అన్నాడాయన. ఆచారం మనిషి కోసం. మీ కంపెనీ టోకెన్ కూడా ఒక ఆచారమే అనుకుంటే, ఆ పిల్ల అడిగిన చెయ్యి అదే.

మీరు చేసింది తప్పా ఒప్పా అంటే, ఈ లెక్కన మీరు ఆ పులుసులో ఉప్పు పడకుండా చేశారు. మీ అమ్మగారి పనిని మాత్రం దీనితో కలపకండి. ఆవిడ మధ్య నిలబడింది ఇద్దరు సమానుల మధ్య.


అంబత్తూరు ఎస్టేట్

పంతులుగారూ, కథ బాగుంది, నాకూ నచ్చింది. కానీ ఇరవై రెండేళ్లు లేత్ మీద పనిచేసి, అందులో తొమ్మిదేళ్లు యూనియన్ తిరిగిన మనిషిగా ఒక్కటి అడుగుతాను. గరిటె ఎవరి చేతిలో ఉంది? ఉప్పు తక్కువైందని చెప్పిన మంత్రిని రాజు విన్నాడు కాబట్టి కథ నిలిచింది. వినకపోతే?

మీ కన్ఫ్యూషియస్ పుస్తకంలో అదే 13వ భాగంలో గొర్రె కథ కూడా ఉంది కదండీ. తండ్రి గొర్రె దొంగిలిస్తే కొడుకు వెళ్లి సాక్ష్యం చెప్పాడని, మా ఊళ్లో అంత నిజాయితీపరులున్నారని ఒకాయన గొప్పగా చెబుతాడు. మా దగ్గర తండ్రి తప్పు కొడుకు దాస్తాడు, కొడుకు తప్పు తండ్రి దాస్తాడు, నిజాయితీ అందులోనే ఉంది అంటాడు కన్ఫ్యూషియస్. ఇంట్లో అయితే సరే. కానీ "కంపెనీ అంటే ఒక కుటుంబం" అన్నవాళ్లు మననుంచి కోరేది సరిగ్గా ఇదే. కుటుంబం కాబట్టి గొర్రె సంగతి బయట మాట్లాడకు. మీరు మోసింది ఆ మాటే తల్లీ, అందుకే నిద్ర పట్టడం లేదు.

కొరియా రాజులు 1401లో కోట దగ్గర పెద్ద ఢంకా పెట్టించారు, అన్యాయం జరిగినవాడు కొట్టుకోవచ్చని. మనకు ధర్మగంట ఉన్నట్టే. మన హైకోర్టు ఆవరణలో విగ్రహం ఉన్న మనునీతి చోళుడి కథలో ఆవు వచ్చి గంట లాగుతుంది, రాజు బయటికొస్తాడు. మంచిదే. కానీ గంట మోగితే తలుపు తీయాలన్న బాధ్యత ఆ రాజు మనసులో తప్ప ఎక్కడా రాసి లేదు. రాసి పెట్టిన రోజున అది హక్కు అవుతుంది.

ఈ ఊళ్లోనే 1918 ఏప్రిల్ 27న పెరంబూరులో బకింగ్‌హాం కర్ణాటిక్ మిల్లు కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మన దేశంలో పద్ధతిగా ఏర్పడ్డ మొదటి కార్మిక సంఘం అదేనంటారు. వాడియా, తిరు వి.క. లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. వాళ్లు అడిగింది దొరల దయను కాదు, సంఘంగా వచ్చి ఎదురుగా కూర్చునే వీలును.

ఇక నీ టోకెన్ సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్ తీసి చూడు. మరుగుదొడ్లు, మూత్రశాలలు సరిపడా ఉండాలి, కార్మికులు ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ ఎప్పుడైనా వాడుకునేలా ఉండాలి అని రాశారు. 'ఎప్పుడైనా' అన్న ఆ ఒక్క మాట చూడు. మేకుకు రెండు బిళ్లలు తగిలిస్తే అది 'ఎప్పుడైనా' ఎలా అవుతుంది? ఇప్పుడు పాత చట్టాలన్నీ నాలుగు కోడ్‌లలోకి మారాయి, అయినా ఆ అవసరం మారలేదు. వందమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట, ప్రభుత్వం ఆదేశిస్తే, కార్మికుల ప్రతినిధులు యాజమాన్యం వాళ్లకన్నా తక్కువ కాకుండా ఉండే వర్క్స్ కమిటీ పెట్టాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నుంచీ ఉంది. మీ దగ్గర ఉందో లేదో ముందు కనుక్కో. ఉంటే అందులో కాంట్రాక్ట్ పిల్లల తరఫున ఎవరైనా ఉన్నారా చూడు.


ముడిచ్చూరు

నేను కొంచెం వేరేగా చెబుతాను, దయచేసి ఎవరూ నొచ్చుకోకండి. పద్నాలుగేళ్లు సింగపూరులో ఉండి వచ్చాను. అక్కడి ప్రభుత్వం 1991లో 'ఉమ్మడి విలువలు' అని ఐదు సూత్రాలు పెట్టింది. గొడవ కాదు, ఏకాభిప్రాయం, జాతుల మధ్య, మతాల మధ్య సామరస్యం, ఇలాంటివి. అమ్మానాన్నల్ని చూసుకోని పిల్లల మీద భత్యం కోసం కేసు వేసుకోవచ్చని 1995లో చట్టం చేశారు. అక్కడ తమిళం, మలయ్, చైనీస్ మాట్లాడేవాళ్లు ఒకే బ్లాక్‌లో ఒకరి వంటల వాసన ఒకరు భరిస్తూ బతకడం నా కళ్లారా చూశాను. అది ఊరికే రాలేదు.

2015 డిసెంబరు వరదల్లో మా వీధిలో గుండెల దాకా నీళ్లు. కింద పోర్షన్ వాళ్లకూ మాకూ మోటారు కరెంటు బిల్లు గురించి రెండేళ్లుగా మాటల్లేవు. ఆ రాత్రి వాళ్లబ్బాయి మా నాన్నను భుజాన వేసుకుని మేడ ఎక్కించాడు. నాన్న చక్కెర మందులు పాలిథిన్ కవర్లో చుట్టి నోట కరుచుకుని తెచ్చాడు. ఎవరి హక్కు ఏమిటని ఆ రాత్రి ఎవరూ అడగలేదు. ఎవరి బాధ్యత ఏమిటో అందరికీ తెలుసు. నాకు కన్ఫ్యూషియస్ అంటే అది. హక్కుల భాష ఒక్కటే మాట్లాడటం మొదలుపెడితే ఆ భుజం ఉంటుందా అని నా భయం.

ఆ అమ్మాయి మాటను తప్పుగా చేరవేయడం మాత్రం నేనూ సమర్థించను.


వేళచ్చేరి అమ్మాయి

ముడిచ్చూరు అన్నగారూ, మీ నాన్నగారి సంగతి చదివితే కళ్లు చెమ్మగిల్లాయి. కానీ నేను ఒక ఉమ్మడి కుటుంబంలో కోడలిని. ఇంట్లో 'సర్దుకుపో' అన్న మాట ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తుంది, కిందినుంచి పైకి వెళ్లగా నేను చూడలేదు.

కొరియా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అక్కడ మొన్నమొన్నటి దాకా ఇంటి పెద్ద మగవాడే అని చట్టంలోనే ఉండేది. పెళ్లయిన ఆడపిల్ల పేరు భర్త ఇంటి లెక్కలోకి మారేది. తండ్రి పోతే తల్లి ఉండగానే చిన్న కొడుకు ఇంటి పెద్ద అయ్యేవాడు. ఒకే ఇంటిపేరు, ఒకే మూలవంశం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవడానికి వీల్లేదనీ ఉండేది. మన సగోత్రం పట్టింపు లాంటిదే, కాకపోతే అది ప్రభుత్వ చట్టం. లీ తే యంగ్ అని కొరియాలో లాయరైన మొదటి మహిళ, దశాబ్దాల పాటు ఈ కుటుంబ చట్టంతో పోరాడారు. కన్ఫ్యూషియన్ సంఘాలవాళ్లు కుటుంబం కూలిపోతుందని వీధుల్లోకి వచ్చారు. ఆ పెళ్లిళ్ల నిషేధం చెల్లదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1997లో చెప్పింది, ఇంటి పెద్ద పద్ధతిని 2005లో తప్పుబట్టింది, 2008 నుంచి ఆ పద్ధతే పోయింది. కొరియావాళ్ల కుటుంబాలు కూలిపోలేదు. పండక్కి ఊళ్లకు వెళ్లడం, పెద్దవాళ్లకు వంగి దండం పెట్టడం అన్నీ ఉన్నాయి.

దుబాసీ గారూ, ఆ పిల్ల మాట ఆ పిల్లది. మెత్తబరచాలో వద్దో తేల్చుకోవాల్సింది తనే.


విల్లివాక్కం చరిత్ర పంతులు

అంబత్తూరు తమ్ముడి ప్రశ్న న్యాయమైనది. రాజు వినకపోతే ఏమవుతుందో చైనా చరిత్రే చెబుతుంది. మింగ్ వంశంలో హై రుయ్ అనే అధికారి చక్రవర్తిని నేరుగా తప్పుబడుతూ అర్జీ రాశాడు. రాయడానికి ముందు తన శవపేటిక తనే కొనుక్కుని, ఇంట్లోవాళ్లకు వీడ్కోలు చెప్పాడు. జైల్లో వేశారు. 1567లో చక్రవర్తి చనిపోయాక గానీ బయటికి రాలేదు. ఎదురు చెప్పడం బాధ్యత అని నేర్పిన సంప్రదాయం, ఎదురు చెప్పినవాడి మెడకు కాపలా మాత్రం పెట్టలేదు. నా దృష్టిలో లోటు అక్కడే ఉంది. మాట్లాడమంది, ఆ తరవాత మాట్లాడినవాడిని ఒంటరిగా వదిలేసింది.

పాలకులకు ఈ సంగతి బాగా తెలుసు. ప్రజలు అన్నిటికన్నా ముఖ్యం, రాజు అందరికన్నా తేలిక అని మెన్సియస్ అన్నాడు కదా, అదే మింగ్ వంశ స్థాపకుడు 1394లో ఆ గ్రంథంలోంచి 85 భాగాలు తీయించేశాడు. మన కాలంలో చైనా ప్రభుత్వం 'సామరస్య సమాజం' అని నినాదం ఇస్తే, అక్కడి నెటిజన్లు తమ పోస్టును సెన్సారు వాళ్లు తొలగించినప్పుడల్లా "నా పోస్టును సామరస్యం చేసేశారు" అనడం మొదలుపెట్టారు. ఒక మంచి మాటకు అంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

ముడిచ్చూరు గారి భుజం మాట గురించి. హక్కులు పడమటి సరుకు, ఆసియావాళ్లది వేరే దారి అని 1990లలో సింగపూరు నాయకుడు లీ క్వాన్ యూ, మలేసియా నాయకుడు మహతీర్ లాంటివాళ్లు గట్టిగా వాదించారు. దానికి 1994లో జవాబు రాసింది కొరియా నాయకుడే, కిమ్ డే జంగ్. మెన్సియస్‌నే చూపించి, ప్రజల మాటకు విలువనిచ్చే ఆలోచన ఆసియాలో ముందునుంచీ ఉందన్నాడు. ఆయన చెరసాలా చూశాడు, మరణశిక్షా విన్నాడు, తరవాత దేశాధ్యక్షుడయ్యాడు.

విశ్వ మానవ హక్కుల ప్రకటన రాసిన బల్ల దగ్గర కూడా ఒక చైనా పండితుడు కూర్చున్నాడు. పేరు జాంగ్ పెంగ్‌చున్, దాన్ని రాసిన ఐక్యరాజ్యసమితి కమిషన్‌కు ఉపాధ్యక్షుడు. అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్. మొదటి అధికరణంలో మనుషులకు వివేచన ఉందని మాత్రమే రాయబోతే, అది చాలదన్నాడాయన. కన్ఫ్యూషియస్ చెప్పిన 'రెన్' అన్న గుణం చేర్చమన్నాడు. ఆ అక్షరం మనిషి గుర్తు పక్కన రెండు గీతలు. ఇద్దరు మనుషులున్నారని గుర్తుంచుకునే మనసు అన్నమాట. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది 'అంతరాత్మ' అయిపోయింది. మన హంసా మెహతా అదే కమిషన్‌లో ఉండి, 'మగవాళ్లందరూ' అని కూడా అర్థం వచ్చే మాటను 'మానవులందరూ' అని మార్పించారు. 1948 డిసెంబరు 10న పారిస్‌లో 48 దేశాలు ఔనన్నాయి, 8 దేశాలు ఎటూ చెప్పలేదు, కాదన్నది ఒక్కటీ లేదు. 23వ అధికరణంలో సంఘం పెట్టుకునే హక్కు ఉంది. 29వ అధికరణంలో సమాజం పట్ల మనిషికి ఉన్న బాధ్యతలూ ఉన్నాయి. ఆ భుజానికి కూడా అందులో చోటుంది అన్నగారూ.


అంబత్తూరు ఎస్టేట్

రెండు గీతల మాట నాకు తెలియదు. మనసులో పెట్టుకున్నాను.

తల్లీ, ఒక్క జాగ్రత్త. నువ్వు ఏం చేసినా ఆ పిల్లకు ముందు చెప్పి చెయ్యి. తన పేరు తన అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకు. కాంట్రాక్ట్ వాళ్లను తీసేయడానికి ఒక్క ఫోన్ చాలు.


పోరూరు దుబాసీ

అందరికీ జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. క్షమించండి.

మీరు రాసినవన్నీ చదువుతుంటే కొరియన్ క్లాసులో మా టీచర్ చెప్పిన ఒక సంగతి గుర్తుకొచ్చింది. అప్పుడు పరీక్ష కోసం చదివి వదిలేశాను. జన్ తే ఇల్ అని 22 ఏళ్ల కుర్రాడు. సియోల్‌లో బట్టలు కుట్టే ఒక మార్కెట్‌లో పని. దాని పేరు శాంతి మార్కెట్. తనకన్నా చిన్న ఆడపిల్లలు గాలి ఆడని గదుల్లో కుట్టుమిషన్ల ముందు దగ్గుతూ పనిచేయడం చూడలేక, వాళ్ల దేశంలో అప్పటికే ఉన్న కార్మిక చట్టాన్ని అమలు చేయమని తిరిగాడు. ఎవరూ వినలేదు. 1970 నవంబరు 13న, మేం యంత్రాలం కాదు అని అరుస్తూ ప్రాణం తీసుకున్నాడు. ఇప్పుడు అక్కడ వంతెన మీద అతని విగ్రహం ఉంది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ గురించిన అంతర్జాతీయ ఒప్పందాలను కొరియా 2021లో ఆమోదించింది. మా మేనేజర్ దేశం అంటే గోడమీది అక్షరమే కాదు, ఆ కుర్రాడు కూడా. నేను ఆయనకు మొదటిదే గుర్తుచేస్తూ వచ్చాను.

ముందు ఆ పిల్ల దగ్గరికే వెళ్లాను. ఆ సంగతి చివర చెబుతాను. తను సరేనన్నాకే మేనేజర్ గదికి వెళ్లాను. "పోయిన మీటింగ్‌లో నేను అనువాదం తప్పు చేశాను. ఆమె అడిగింది అది కాదు" అన్నాను. ఎందుకలా చేశావని అడిగారు. "మీ మనసు నొచ్చుకోకూడదనుకున్నాను" అన్నాను. అసలు మాట ఏమిటో చెప్పమన్నారు. చెప్పాను. పశువు, బిళ్ల, అన్నీ. కొరియన్‌లో పెద్దవాళ్లతో మాట్లాడే మర్యాద రూపంలోనే చెప్పాను, ఆ భాషలో ఎవరి స్థాయి ఏమిటో తేల్చుకోకుండా ఒక్క వాక్యం కూడా పూర్తికాదు. కానీ ఒక్క మాట కూడా తీయలేదు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత ఆ అమ్మాయి పేరు అడిగారు. చెప్పనన్నాను. అది ఆయనకు నచ్చలేదు, మొహంలో తెలిసింది. మరుసటి రోజు హెచ్‌ఆర్ నుంచి పిలుపు. "నీ పని అనువాదం, తీర్పులు చెప్పడం కాదు" అన్నారు. అనువాదమే చేశానన్నాను. కాళ్లు వణికాయి, అయినా అన్నాను.

ఇప్పుడు టోకెన్లు నాలుగయ్యాయి, మెడతాడు తీసేశారు. టోకెన్ పద్ధతి అలాగే ఉంది. వర్క్స్ కమిటీ కాగితం మీద ఉంది, అందులో ఈ లైన్ల నుంచి ఒక్కరూ లేరు. అంబత్తూరు అన్నగారు చెప్పినట్టు దానికోసం అర్జీ రాస్తున్నాం, పదహారు సంతకాలు వచ్చాయి. ముడిచ్చూరు అన్నగారూ, మీ మాట కూడా నాతోనే ఉంది. ఆ పదహారుమందిలో ఇద్దరు వేరే లైన్ వాళ్లు, వాళ్ల దగ్గర అసలు టోకెన్లే లేవు. అయినా పెట్టారు.

ఇక ఆ పిల్ల సంగతి. ఫస్ట్ షిఫ్ట్ అయ్యాక హాస్టల్ వ్యాను కోసం గేటు దగ్గర నిలబడి ఉంది. వేళ్లకు టేపు జిగురు ఇంకా పోలేదు, గోటితో గీరుకుంటోంది. "ఆ రోజు నువ్వన్నది నేను చెప్పలేదు, నీకు అబద్ధం చెప్పాను" అన్నాను. తలెత్తి చూసి, "నాకప్పుడే తెలిసిపోనాదక్కా. సారు నవ్వినాడు కదా. ఆ మాటకి ఎవులైనా నవ్వుతారేటి?" అంది.

కాసేపటికి తనే అడిగింది, 'మేమూ మనుషులమే' అన్నది కొరియన్‌లో ఎలా అంటారని. 'ఊరిదో సారమిమ్నిదా' అని చెప్పాను. 'సారం' అంటే మనిషి. వచ్చే మీటింగ్‌లో ఆ ఒక్క ముక్క తనే అంటుందట, మిగతాది నన్ను చెప్పమంది. వ్యాను వచ్చేదాకా అనుకుంటూనే ఉంది. మొదట రెండుసార్లు చివరి అక్షరాలు మింగేసింది. మూడోసారికి సరిగ్గా పలికింది.